నేను కొట్టేసిన రెండు మాటలు

అన్నయ్యా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి మొన్న మంగళవారానికి ఏడాది. సంవత్సరీకానికి బాపట్ల వెళ్లి, నిన్న మధ్యాహ్నం బస్సులో రేపల్లె తిరిగొచ్చాను. వచ్చినప్పటి నుంచీ నీ మీద ఒళ్లు మండిపోతోంది. గిన్నెల మీద చూపించాను, పిల్లల మీద చూపించాను, పాపం మీ బావగారి మీద కూడా చూపించాను. అసలు మనిషికి చెబితే గానీ ఇది చల్లారేట్టు లేదని ఇలా కూర్చున్నాను.

తెలుగులో రాస్తున్నాను, చూశావా? పదేళ్లపాటు మన మధ్య ఇన్ని ఉత్తరాలు నడిస్తే, తెలుగు ఉత్తరం ఇదే మొదటిది. "అన్నకి ఇంగ్లీషులో ఉత్తరం రాయలేనిదానివి, రేపు పిల్లలకేం చెబుతావే పాపా?" అనేవాడివి. అలా అని అనే నన్ను ఇంగ్లీషు టీచర్ని చేశావు. సరే, చేశావు. ఈ ఒక్కటి మాత్రం నీ ఇంగ్లీషులో రాయను. నీ ఎర్రసిరా పెన్నుకి అందకుండా రాస్తాను.

నువ్వు ఆఖరుగా రాసిన ఉత్తరంలో రెండు మాటలు నేను కొట్టేశాను. నీకు తెలుసు. నాకూ తెలుసు. ఏడాదిగా ఆ రెండు మాటలే నన్ను పీక్కుతింటున్నాయి... కొట్టేసింది నేనే అయినా, కొట్టడం నేర్పింది ఎవరు?

నీ ట్యుటోరియల్ గుర్తుందా? తెనాలి స్టేషన్ వెనక, ధాన్యం గోదాము మేడ మీద రెండు గదులు. ఎనభయ్యో సంవత్సరంలో అమ్మ పోయాక, నందివెలుగులో ఇంటికి తాళం వేసి నన్ను అక్కడికి తీసుకొచ్చావు. ఒక గదిలో వంట, ఒక గదిలో పాఠం. నాకు పదిహేనేళ్లు, నీకు ఇరవయ్యారు. నాన్న ముఖం నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు. నాన్నవీ నువ్వే, మాస్టారువీ నువ్వే. ఎటు తిరిగినా నువ్వే తగిలేవాడివి.

పాఠం గదిలో గోడకి ఒక అట్ట వేలాడేది. దాని మీద నిచ్చెన బొమ్మ గీశావు. కింది మెట్టు మీద స్లైట్లీ. దాని పైన ఫెయిర్లీ, ఆ పైన క్వైట్, రాదర్, వెరీ. చిట్టచివరి మెట్టు మీద ఎక్స్‌ట్రీమ్లీ. పక్కనే తెలుగులో కొంచెం, కాస్త, బాగానే, చాలా, విపరీతంగా అని. ఒక్కో మెట్టూ కర్రతో చూపించి, ఒక్కోదానికి బదులు వాడదగిన మాటలన్నీ మా చేత వల్లె వేయించేవాడివి. ఆఖర్న ఒక మాట అనేవాడివి. "పరీక్షలో అడుగుతారు కాబట్టి చెబుతున్నా. రాయమని కాదు."

రాస్తే ఊరుకునేవాడివా? మా వ్యాసాల్లో వెరీ కనపడితే చాలు, ఎర్ర గీత. నీ కళ్లు కప్పాలని నేను వెరీ మానేసి ఎక్స్‌ట్రీమ్లీ రాశాను. గీత. డిక్షనరీ తిరగేసి ఎక్సీడింగ్లీ పట్టుకొచ్చాను. గీత. టెరిబ్లీ, ఆఫుల్లీ, డ్రెడ్‌ఫుల్లీ... ఆ నెలంతా నాకదే పని. ఒకరోజు నా పుస్తకం అందరి ముందూ పైకెత్తి, "చొక్కా మార్చుకొస్తే దొంగని గుర్తుపట్టననుకున్నావా పాపా?" అన్నావు. కొలకలూరు నుంచి సైకిళ్ల మీద వచ్చే ఆ పిల్లలంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

తెలుగులో మాత్రం తక్కువ తిన్నావా? వదిన పెళ్లయిన కొత్తలో పొద్దున్నుంచి కూర్చుని పెసరపప్పు బూరెలు వండితే, రెండు తిని "బాగున్నాయి" అన్నావు. చాలా అనే మాట కోసం ఆవిడ చెంబు పట్టుకుని అక్కడే నిలబడిందట. నువ్వు చెయ్యి కడుక్కుని వెళ్లిపోయావు. పదేళ్లలో ఆ మనిషికి ఒక్క చాలా కూడా ఇవ్వలేదు నువ్వు. అదేమన్నా నీ జేబులోంచి పోయేదా అన్నయ్యా?

నీకీ పిచ్చి ఎక్కడ పట్టుకుందో నాకు తెలుసు. నువ్వు చెప్పలేదు గానీ నాకు తెలుసు.

అమ్మకి అన్నీ పెద్ద మాటలే. తలనొప్పి వస్తే తల పగిలిపోతోందనేది. కాళ్లు గుంజితే ప్రాణం పోతోందనేది. రోజుకి నాలుగుసార్లు చచ్చిపోతున్నానర్రా అనేది. ఆ రోజు పొద్దున కూడా అదే అంది. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి ఊళ్లో ఫోనున్న ఇంటి నుంచి నీ ట్యుటోరియల్ కాలేజీకి కబురు చేయించాను. "అమ్మ ఎప్పుడూ అనేదేగా, క్లాసయ్యాక వస్తా" అన్నావు. క్లాసయ్యాకే వచ్చావు... అప్పటికి అరుగు మీద చాప పరిచేశారు.

అప్పటి నుంచీ నువ్వు పెద్ద మాటల మీద పగబట్టావు. అవునా, కాదా? అమ్మ మాటల్ని పెంచేసుకోబట్టే నీకు వినపడలేదని నీ లెక్క. అది తప్పు అన్నయ్యా. అమ్మ తప్పేం లేదు. రోజూ అన్నా, ఆ రోజు కూడా అంది కదా? వెళ్లి చూడాల్సింది. చెవులు చేసిన తప్పుకి నువ్వు మాటల్ని కొట్టావు. పదిహేనేళ్లు కొట్టావు. ఇది ముఖం మీదే అనే ధైర్యం ఎప్పుడూ నాకు లేకపోయింది. ఇప్పుడు అంటున్నాను.

నాకు పెళ్లయి రేపల్లె వచ్చేశాను. ఆ మరుసటేడే నీకు బాపట్ల హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఆదివారం ఆదివారం ఇన్‌లాండ్ లెటరు రాయాలని నీ ఆర్డరు. నేను రాస్తే, అది నువ్వు ఎర్రసిరాతో దిద్ది కవరులో పెట్టి తిప్పి పంపేవాడివి. నేను దాన్ని ఫెయిర్ కాపీ తీసి మళ్లీ నీకు పోస్టు చెయ్యాలి. అప్పుడు గానీ జవాబు రాయవు. ఏ అన్నా చెల్లెలూ ఇలా ఉత్తరాలు రాసుకుని ఉండరు. మా అత్తగారు పోస్ట్‌మ్యాన్ని చూసినప్పుడల్లా, మీ అన్నయ్య నీకింకా పరీక్షలు పెడుతున్నాడా అమ్మాయ్ అనేవారు.

వచ్చిన కొత్తలో ఇక్కడ నాకు ఎవరూ తెలియదు. టెరిబ్లీ లోన్లీ అని రాశాను. టెరిబ్లీ కొట్టేసి పంపావు. ఫెయిర్ కాపీలో ఉత్త లోన్లీ అని రాసుకున్నాను. రాసి చదువుకుంటే నా బాధ ఇంతేనా అనిపించింది. ఇంతేనేమోలే అనుకుని వెళ్లి బియ్యం కడిగాను. నువ్వు కొట్టింది మాటనేనా, అన్నయ్యా?

తొలిసారి కడుపు పోయినప్పుడు... ఐదో నెల... అప్పుడు కూడా ఇంగ్లీషులోనే రాశాను చూడు, ఎంత బుద్ధిమంతురాలినో! ఐ యామ్ ఎక్స్‌ట్రీమ్లీ శాడ్ అని. నాలుగో రోజు పొద్దున వీధి తలుపు కొట్టారు. చూస్తే నువ్వు. స్కూలుకి సెలవు పెట్టి, మొదటి బస్సుకే బయల్దేరి, కర్లపాలెం మీదుగా వచ్చావు. చొక్కా జేబులో నా ఉత్తరం. ఎక్స్‌ట్రీమ్లీ మీద ఎర్ర గీత. దాన్ని పోస్టులో కాకుండా చేత్తో పట్టుకొచ్చి నాకిచ్చావు.

ఆ రోజు నీ మీద నాకు ఎంత కోపం వచ్చిందో! ఇంత దూరం వచ్చినవాడివి ఆ గీత గీయకుండా రాకూడదా అని. నువ్వేమో సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని, నాకు నారింజ తొనలు ఒలిచి పెట్టి, ఆఖరి బస్సుకి వెళ్లిపోయావు.

ఇప్పుడు తెలుస్తోంది. ఆ గీత అంత వంకర పోయిందంటే, నువ్వు బస్సులో గీశావు. మాట కొట్టేశావు గానీ మనిషివి వచ్చావు. ఆ తర్వాత నేనెన్నిసార్లు పెద్ద మాట రాశానో అన్నిసార్లూ ఏదో ఒక వంకన వచ్చావు. అత్తగారితో మాట పట్టింపు వచ్చినప్పుడు వచ్చావు. చిన్నదానికి కామెర్లు వచ్చినప్పుడు వచ్చావు. స్లైట్లీ అని రాసినా వచ్చావు!

మరి ఆ సంగతి నోటితో చెప్పవేం? గీత గీయడం పదిహేనేళ్లు పాఠం చెప్పావు. గీశాక బస్సెక్కాలని ఒక్కసారైనా చెప్పావా? సగం పాఠం చెప్పి వదిలేసే మాస్టారు ఏం మాస్టారు? నేను ఎర్రసిరా వరకే నేర్చుకున్నాను.

నాకు ఇక్కడ ఆడపిల్లల స్కూల్లో ఉద్యోగం వచ్చిన రోజు ఒక ఎర్రసిరా పెన్ను పార్సిల్లో పంపావు. "ఇకనుంచి నా ఉత్తరాలు నువ్వు దిద్దు పాపా. మాస్టారికి మాస్టారు ఉండాలి" అన్నావు, తర్వాత కలిసినప్పుడు. నిజంగానే నీవి కూడా దిద్ది పంపడం మొదలుపెట్టాను. దిద్దడానికి ఏముంటుంది? ఏడేళ్లలో ఒక కామా దొరికింది. అదీ నీదో, పోస్టులో పడిన మరకో అనుమానమే. నీ ఉత్తరం వచ్చిందంటే పెన్ను మూత తీసి కాచుకు కూర్చునేదాన్ని. ఎప్పటికైనా పట్టుకోకపోతానా అని. నీకు తప్పు దొరకాలని నేను ఎంత ఆశపడ్డానో నీకు తెలియదు.

దొరికింది.

నిరుడు అర్ధసంవత్సరం పరీక్షలప్పుడు. మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో పేపర్లు దిద్దుతుంటే నీ ఉత్తరం వచ్చింది. వానల సంగతి, వదిన మోకాలి సంగతి, చివర్లో ఒక లైను. ఐ యామ్ వెరీ వెరీ టైర్డ్. ఎప్పుడొస్తావని ఒక ప్రశ్న.

వెరీ! అది కూడా ఒకటి కాదు, రెండు! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను తెలుసా? పక్కన తెలుగు మేడంకి చూపించాను. మా అన్నయ్య దొరికిపోయాడండీ అని గంతులేశాను. ఉన్నపాటున రెండిటి మీదా బారుగా ఎర్ర గీత గీశాను. చొక్కా మార్చుకోకుండానే వచ్చాడేం దొంగ, అని మార్జిన్లో నీ మాటే నీకు ఇంగ్లీషులో రాసి, ఆ సాయంత్రమే పోస్టు డబ్బాలో వేశాను.

జన్మలో వెరీ రాయనివాడు రెండు వెరీలు ఎందుకు రాశాడు అని నాకు తట్టలేదు... చదువుకున్నదాన్ని, పిల్లలకి చెప్పేదాన్ని. నాకు తట్టలేదు. ఆ మాట జంటగా వాడటం కూడా నీది కాదు. అమ్మది. నీరసం నీరసంగా ఉందర్రా అనేది చూడు, అలా. అలసిపోయి అలసిపోయి నువ్వు అమ్మ దగ్గరికి వెళ్లిపోయావు. నేను దాన్ని ఇంగ్లీషు తప్పుగా చదువుకున్నాను.

వారం తిరక్కుండా ఫెయిర్ కాపీ వచ్చింది. ఎంత బుద్ధిగా! ఐ యామ్ టైర్డ్. అంతే. ముత్యాల్లాంటి అక్షరాలు. ఎప్పుడొస్తావన్న ప్రశ్న కూడా ఈసారి లేదు. నేను కింద పదికి పది వేసుకుని, పరీక్షల పేపర్లు అయ్యాక వెళ్దాంలే అనుకున్నాను. టైర్డే కదా... ఎవరు అలిసిపోరు?

శనివారం పొద్దున స్కూలుకే టెలిగ్రాం వచ్చింది. వదిన వాళ్ల తమ్ముడు ఇచ్చాడు. బ్రదర్ ఎక్స్‌పైర్డ్ స్టార్ట్. నీకు నచ్చేట్టే ఉంది, ఒక్క మాట ఎక్కువ లేదు. స్కూలుకి వెళ్లబోతూ చెప్పులు వేసుకుంటూ గడప మీద కూర్చున్నావట. అలాగే ఉండిపోయావట. గుండె అన్నారు. నలభయ్యొక్క ఏళ్లకి!

రేపల్లె నుంచి బాపట్ల ఎంతసేపు అన్నయ్యా? బస్సెక్కితే రెండు గంటలు. రెండు గంటల దూరంలో కూర్చుని నేను నీకు మార్కులు వేశాను.

ఒక్క కార్డు ముక్క తెలుగులో రాస్తే నీ సొమ్మేం పోయేది? పాపా, ఒంట్లో బాగోలేదే, ఒకసారి రావే... అని రాస్తే, నేను పేపర్లు అక్కడే విసిరేసి రానా? డాక్టరు చూపించుకోమన్నాడని, నువ్వు సెలవుల్లో చూద్దామన్నావని వదిన మొన్న చెప్పింది. ఆవిడతో కూడా "కొంచెం ఆయాసం" అన్నావట. కొంచెం! నీ నిచ్చెనలో అట్టడుగు మెట్టు. ఆఖరికి ఊపిరాడకపోయినా ఆ మెట్టు వదల్లేదు నువ్వు. నా దగ్గర ఒక్కసారి పైకెక్కావు. నేను కాలు పట్టి లాగేశాను.

మొన్న స్కూల్లో నీ సంస్మరణ సభ పెట్టారు. హెడ్మాస్టరు గారు లేచి మోస్ట్ సిన్సియర్, ఎక్స్‌ట్రీమ్లీ పంక్చువల్, వెరీ వెరీ నోబుల్ అని గుక్క తిప్పుకోకుండా చదివారు. నువ్వు దండ తోసుకుని ఫొటోలోంచి ఎర్రపెన్నుతో దిగుతావేమోనని చూశాను. దిగలేదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇవన్నీ ఏడాదిగా మోస్తున్నవే. అసలు మంట ఇది కాదు.

కార్యక్రమం అయి ఇంటికొచ్చాక వదిన నీ టేబుల్ మీది అద్దం ఎత్తి, దాని కింద నుంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. నేను దిద్ది పంపిన ఉత్తరం. రెండు వెరీల మీదా నా ఎర్ర గీత. దాచుకున్నావు! ఆవిడకి ఇంగ్లీషు రాదు కదా, ఇందులో ఏముందమ్మాయ్, మీ అన్నయ్య అంత సంబరపడ్డాడు అని అడిగింది. ఆ కవరు వచ్చిన రోజు విప్పి చూసి గట్టిగా నవ్వావట. నెల రోజులుగా నవ్వనివాడివి. నవ్వితే దగ్గు వచ్చిందట, అయినా నవ్వావట. "మా పాప నన్ను పట్టేసిందే! ఇక దానికి నా అవసరం లేదు" అన్నావట. అని కూర్చుని ఫెయిర్ కాపీ రాశావట. నాలుగు లైన్లు రాయడానికి మూడుసార్లు పెన్ను పక్కన పెట్టి, వెనక్కి వాలావట.

ఆవిడ చెప్పుకుపోతోంది. నేను ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

నవ్వావా? నువ్వు పిలిచి రమ్మంటే రాని చెల్లెల్ని చూసి, మురిసిపోయావా? ఒక్కసారి తిట్టకూడదా? ఓసి మొద్దూ, అది తప్పు కాదే, నిజమే అని ఇంకో కార్డు రాయకూడదా? నా కొట్టివేతకి లొంగిపోతావా? పెద్దవాడివి! నీ అవసరం లేదని ఎవరన్నారు? పదికి పది వేసినంత మాత్రాన నాకంతా వచ్చేసిందనుకున్నావా? నాకేం రాలేదు. నీ మీద కోపం ఎలా దింపుకోవాలో కూడా రాదు.

ఇవాళ పొద్దున పదో తరగతి పిల్లలు వ్యాసం పుస్తకాలు తెచ్చి పెట్టారు. మూడో పుస్తకంలోనే ఉంది. చేపల వలలు అల్లుకునే ఇంటి పిల్ల. ఎస్టర్‌డే ఐ వాజ్ వెరీ వెరీ హంగ్రీ అని రాసింది. పెన్ను దానంతటదే లేచింది అన్నయ్యా, అలవాటు... మూత పెట్టేశాను. ఆ పిల్లని పిలిచి, ఏం, నిన్న అన్నం తినలేదా అని అడిగాను. తల వంచుకుంది. లేదండి టీచర్ అంది. మధ్యాహ్నం నా క్యారియర్లో సగం పెట్టాను. ఆ పుస్తకం మీద గీత గీయలేదు.

ఇది నీకు నా మాట. నా దగ్గరికి ఎవరు ఎంత పెద్ద మాట రాసుకొచ్చినా, ముందు ఏమైందని అడుగుతాను. పెన్ను సంగతి తర్వాత. నువ్వు చెప్పకుండా దాచుకున్న సగం పాఠం ఇదేగా?

వదిన ఇచ్చిన ఆ కాగితం నా ముందే ఉంది. ఎర్ర గీతలు చెరపడానికి చూశాను. సిరా కదా, పోలేదు. అందుకని వాటి పైన, నీ అక్షరాల్లాగే ఉండేట్టు, ఆ రెండు మాటలూ మళ్లీ రాశాను. ఇప్పుడు సరిగ్గా ఉంది.

నీ మీద నాకు చాలా చాలా కోపంగా ఉంది అన్నయ్యా. నువ్వు లేకపోవడం చాలా చాలా చాలా కష్టంగా ఉంది.

ఏదీ... వచ్చి కొట్టెయ్యి, చూద్దాం.

నీ పాప
రేపల్లె